నాలుగవ స్థానము – పట్టాభిషేకము

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో, నగరమునకు ఆగ్నేయముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఇబ్రహీంపట్నము ఉన్నది. పదునారవ శతాబ్దిలో గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మోయుచున్న ఊరది. ఊరిని ఎరుగనివారైనను ఆ ఊరి పెద్దచెరువును గూర్చి వినియే యుందురు. వానలు వెనుకబట్టిన పిమ్మట అక్కడి బడుల ఆటస్థలములలో మరియొక సందడి మొదలగును. అవి పాఠశాలల క్రీడాపోటీల దినములు. రాయపోలు, దండుమైలారము, ఎలిమినేడు, పోల్కంపల్లి మొదలగు గ్రామముల నుండి పిల్లలు ఆటోలలో ఒకరి ఒడిలో ఒకరు కూర్చుండి దిగుదురు. వ్యాయామోపాధ్యాయుడు సున్నముతో కబడ్డీ గీతలు గీయించును. చీట్లు వేసి, ఎవరితో ఎవరు తలపడవలెనో తేల్చుదురు. ఈల మ్రోగును. మధ్యాహ్న భోజనపు వేళకు వచ్చిన జట్లలో సగము ఇంటిదారి పట్టును.

ఆ ఇంటిదారి పట్టినవారి ముఖములు చూడవలెను. రెండు మూడు నెలలు బడి విడిచిన తరువాత పొద్దుగ్రుంకు వరకు సాధన చేసినారు. ముప్పావు గంటలో అంతయు ముగిసినది. కూతకు పోయిన బాలుని కాలు ఒకసారి జారినది, గీత దాటినది, అంతే. ఆటో కదలుచుండగా వారిలో ఒకడు తన మాష్టారిని అడుగు ప్రశ్న దాదాపు ఎల్లప్పుడు ఒక్కటే: "సార్, వాళ్ల టీము మాకన్న మంచిదా, లేకుంటె ఈ ఒక్కపూట మంచిగ ఆడిన్రా?"

ఈ ప్రశ్న చిన్నది కాదు. లోకములోని క్రీడాసంఘములు నూరేండ్లకు పైగా దీని చుట్టునే తిరుగుచున్నవి. విజేత యనగా ఎవరు? కాలమంతయు నిలకడగా గెలిచినవాడా, కడపటి దినమున గెలిచినవాడా? ఈ రెండింటి నడుమ సంధి కుదుర్చుటకు కనిపెట్టిన ఉపాయమునకే ప్లేఆఫ్ అని పేరు. ఇబ్రహీంపట్నమునకు కూతవేటు దూరమున నున్న హైదరాబాదు జట్లు ఈ ఉపాయము పెట్టిన తీపిని తిన్నవి, చేదును మ్రింగినవి. అంత విస్తారముగా రెండు రుచులు చూచిన నగరములు మన దేశములో అరుదు.

చెరువు కట్ట మీద నిలిచిన రైతునకు ఈ విషయము వేరుగా బోధింప నక్కరలేదు. చెరువు ఒక్క వానతో నిండదు. కాలువలు నెలల తరబడి తెచ్చిన నీరు చేరి చేరి అలుగు దాక వచ్చును. గండి పడుటకు మాత్రము ఒక్క రాత్రి చాలును. లీగు పద్ధతి చెరువు నిండుట వంటిది. ప్రతి జట్టును ప్రతి జట్టుతో ఆడింతురు, గెలుపులను కూడుదురు, ఎక్కువ కూడినవాడు విజేత. నాకౌటు పద్ధతి గండి వంటిది. ఓడితివా, పోయితివి.

లీగు పద్ధతికి పెద్దన్న ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగు. 1888లో 12 జట్లతో అది ఆరంభమైనది. ప్రతి జట్టు తక్కిన పదునొకండు జట్లతో తన ఊర ఒకసారి, పై ఊర ఒకసారి, మొత్తము 22 ఆటలు ఆడినది. ప్రెస్టన్ నార్త్ ఎండ్ అను జట్టు ఒక్క ఆటయు ఓడక ఆ తొలి యేటి విజేత యైనది. ఫైనలు లేదు, ఎవరికిని సందేహమును లేదు. నేటికిని ఇంగ్లండు మొదటి శ్రేణి లీగులో 20 జట్లు 38 ఆటల చొప్పున ఆడి, పాయింట్ల మొత్తముతోనే విజేతను తేల్చుకొనుచున్నవి.

ఇంత న్యాయమైన పద్ధతి యుండగా లోకమంతయు దానినే ఏల అనుసరింపలేదు? లెక్కల మాష్టారు పలక మీద వేసి చూపవచ్చును. 8 జట్లు ఒకదానితో ఒకటి ఒక్కొక్కసారి తలపడవలెనన్నచో 28 ఆటలు కావలెను. అదే 8 జట్లను నాకౌటుగా ఆడించినచో 7 ఆటలు చాలును. ఏడే యేల? ప్రతి ఆట ఒక జట్టును ఇంటికి పంపును. ఒక్కటి మిగులుటకు ఏడింటిని పంపవలెను గనుక. ఏడునకు, ఇరువది యెనిమిదికి నడుమనున్న అంతరమే క్రీడానిర్వాహకుల దారిద్ర్యమంతయు. స్థలము, దినములు, దారి ఖర్చు, భోజనములు ఆ అంతరములోనే యున్నవి.

అందుచేతనే మన దేశమున చిరకాలము నాకౌటు పోటీలే రాజ్యమేలినవి. నాకౌటు అదృష్టపు ఆట యను మాట నిజమే కాని, ఆ అదృష్టమును లొంగదీసినవారును హైదరాబాదులో నుండిరి. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 మొదలు 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా అయిదేండ్లు గెలిచినది. ఆ జట్టునకు శిక్షణ యిచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. ఈయనయే తరువాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును సెమీఫైనలు దాక నడిపించి, 1962లో జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణము తెప్పించెను. ఆ అయిదు కప్పుల బరువెంతయో ఒక చిన్న లెక్కతో తూచవచ్చును. ఒక జట్టు ప్రతి ఆటను గెలుచుటకు నూటికి 80 పాళ్లు అవకాశము కలదనుకొందము. కప్పునకు నాలుగు ఆటలు గెలువవలెననుకొందము. అంతటి బలమైన జట్టునకును ఒక యేడు కప్పు దక్కు అవకాశము నూటికి 41 పాళ్లే. వరుసగా అయిదేండ్లు దక్కు అవకాశము నూటికి ఒకపాలు మాత్రమే! అనగా రహీం పిల్లలు ఆడిన ఆట నూటికి 80 పాళ్ల కంటె చాల హెచ్చు బలము గలదన్నమాట. కాని ఊరికొక రహీం దొరకడు గదా. సామాన్యమైన జట్లకు నాకౌటులో చీటీయే సగము విధి.

ఇక లీగునకును ఒక లోపము లేకపోలేదు. ఒక జట్టు చాల ముందునకు పోయినచో కడపటి వారముల ఆటలు ఎవరికి కావలెను? విజేత యెవరో తేలిపోయినది, చూచువారు రారు, టిక్కెట్లు తెగవు. కడపటి దినమున ఇరువురు ఎదురెదురుగా నిలిచి తేల్చుకొనిననే గాని ప్రేక్షకుని మనస్సు తనియదు. కురుక్షేత్రమును పాయింట్ల పట్టికతో ముగించిన కవి ఎందును లేడు. కనుక సగము దాని నుండి, సగము దీని నుండి తీసి కలిపినారు. మొదట లీగు ఆడింతురు. పట్టికలో పైన నిలిచిన కొన్ని జట్లను ఏరి, వాటి నడుమ నాకౌటు పెట్టుదురు. కలుపుట సులభమే. ఏ పాలెంత యన్నదే చిక్కు.

ఆ చిక్కు 2009లో తెలుగువారి ముంగిటికి వచ్చినది. అంతకు ముందటి యేడు, 2008లో, ఇండియన్ ప్రీమియర్ లీగు మొదలైనపుడు హైదరాబాదు జట్టయిన డెక్కన్ ఛార్జర్స్ 14 ఆటలలో రెండు మాత్రమే గెలిచి ఎనిమిది జట్లలో కడపటిదిగా నిలిచినది. మరుసటి యేడు లోక్‌సభ ఎన్నికల కారణముగా పోటీ అంతయు దక్షిణాఫ్రికాకు తరలిపోయినది. ఆడం గిల్‌క్రిస్ట్ నాయకుడు. లీగు ముగియునప్పటికి ఢిల్లీ జట్టు పది ఆటలు గెలిచి 20 పాయింట్లతో మొదట నిలిచినది. హైదరాబాదు ఏడు గెలిచినది, ఏడు ఓడినది; 14 పాయింట్లు. పంజాబు జట్టునకును సరిగా అన్నియే గెలుపులు, అన్నియే ఓటములు, అదే 14. ఇరువురిలో ఒకరికే సెమీఫైనలులో చోటు.

ఇచ్చట నెట్ రన్‌రేటు అను కొలబద్ద పనికి వచ్చినది. పోటీ మొత్తములో ఒక జట్టు ఓవరునకు సగటున చేసిన పరుగుల నుండి, ఎదుటివారికి ఓవరునకు సగటున ఇచ్చిన పరుగులను తీసివేయగా వచ్చు శేషమే అది. జట్టు ముందుగానే ఆలౌటు అయినచో దానికి రావలసిన ఓవర్లన్నియు ఆడినట్లే లెక్కింతురు. హైదరాబాదు శేషము సున్నకు పైన, పంజాబు శేషము సున్నకు క్రింద. నాలుగవ స్థానము హైదరాబాదునకు దక్కినది. ఓడిన ఆటలలో కూడ కొద్దిలో ఓడుట, గెలిచిన ఆటలలో త్వరగా గెలుచుట ఎందుకు పనికివచ్చునో విద్యార్థులు ఇచ్చట గ్రహింపవచ్చును.

ఆనాటి నియమము సులభమైనది. మొదటి జట్టు నాలుగవ దానితో, రెండవది మూడవ దానితో తలపడును. గెలిచినవి ఫైనలు ఆడును. మే 22న సెంచూరియన్ మైదానములో ఢిల్లీ, హైదరాబాదు ఎదురైనవి. ఢిల్లీ 153 పరుగులు చేసినది. గిల్‌క్రిస్ట్ 17 బంతులలో 50 దాటి, మొత్తము 35 బంతులలో 85 పరుగులు చేసినాడు. దాదాపు నలుబది దినములు శ్రమించి మొదటి స్థానము సంపాదించిన జట్టునకు ఒక్క గంటలో బిచాణా ఎత్తవలసి వచ్చినది. రెండు దినముల తరువాత, మే 24న, జొహానెస్‌బర్గులో హైదరాబాదు 143 పరుగులు చేసి, బెంగుళూరును 137 కడ నిలిపి, ఆరు పరుగులతో కప్పు గెలుచుకొన్నది. ఓడిన జట్టు నాయకుడు అనిల్ కుంబ్లే 16 పరుగులకే నాలుగు వికెట్లు తీసి ఆనాటి ఉత్తమ క్రీడాకారుడుగా ఎన్నికైనాడు. ఓటమిలో అట్టి గౌరవము చాల అరుదు.

ముందటి యేటి కడపటి జట్టు ఈ యేటి విజేత! హైదరాబాదులో టపాసులు పేలినవి. సంతోషింపదగినదే. కాని సగము ఆటలు ఓడిన జట్టు, పట్టికలో నాలుగవది, విజేత యెట్లగును అని అడిగిన ఢిల్లీ పిల్లవానికి ఏమి చెప్పుదుము? నియమము ముందే అందరికి తెలియును గదా యని చెప్పవలెను. అంతకంటె మంచి జవాబు లేదు. ఆ నియమము మంచిదా యన్నది వేరు ప్రశ్న.

ఆ ప్రశ్నను మరుసటి యేడే హైదరాబాదు వేసికొనవలసి వచ్చినది. 2010లో డెక్కన్ ఛార్జర్స్ ఎనిమిది ఆటలు గెలిచి 16 పాయింట్లతో రెండవ స్థానమున నిలిచినది. చెన్నై ఏడు గెలిచి ఏడు ఓడి, మరి మూడు జట్లతో పాటు 14 పాయింట్ల కడ నిలిచి, రన్‌రేటు దయవలన మూడవదైనది. సెమీఫైనలులో చెన్నై 142 పరుగులు చేయగా హైదరాబాదు 104కే కుప్పకూలినది. ఆ చెన్నైయే ఫైనలులో 20 పాయింట్ల ముంబయిని కూడ ఓడించి కప్పు పట్టుకొనిపోయినది. నిరుడు ఏ తలుపున లక్ష్మి లోనికి వచ్చినదో, ఆ తలుపుననే ఈ యేడు వెడలిపోయినది.

2011లో రెండు కొత్త జట్లు చేరి లీగు పది జట్లదైనపుడు ఈ నియమమును మార్చినారు. కొత్త నియమము క్రికెట్టులో పుట్టినది కాదు. ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రపు ఫుట్‌బాల్ లీగులో 1931లో అమలైనది. రిచ్‌మండ్ క్లబ్బు కార్యదర్శి పెర్సీ పేజ్ పేరు మీద దానిని పేజ్ పద్ధతి యందురు. దానిని సవరించి, ఎక్కువ జట్లకు పనికి వచ్చునట్లు పెంచిన కెన్ మెకింటైర్ న్యాయవాది, ఆంగ్లోపన్యాసకుడు కూడ. ఆటల లెక్కలు ఆటగాండ్రకే విడిచిపెట్టవలసినవి కావని దీనివలన తెలియుచున్నది.

పద్ధతి యిది. పట్టికలో మొదటి రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడును. గెలిచినది నేరుగా ఫైనలునకు పోవును. ఓడినది ఇంటికి పోదు. దానికి ఇంకొక అవకాశము మిగిలి యుండును. మూడవ, నాలుగవ జట్లు ఆడు ఆటలో మాత్రము ఓడినది ఇంటికే. అందులో గెలిచినది మొదటి ఆటలో ఓడిన జట్టుతో తలపడును. అందులో నెగ్గినది ఫైనలు చేరును. మొత్తము నాలుగు ఆటలు. పాత సెమీఫైనళ్ల పద్ధతిలో మూడు. ఎక్కువైనది ఒక్కటే ఆట.

ఆ ఒక్క ఆట చేసిన మేలెంత? నాలుగు జట్లును సమాన బలము గలవనుకొని, ప్రతి ఆట ఫలితమును నాణెము ఎగురవేసి తేల్చినట్లు భావింపుడు. పాత పద్ధతిలో ప్రతి జట్టునకు పాతిక పాళ్ల అవకాశము. పట్టికలో మొదటివాడైనను, నాలుగవవాడైనను ఒక్కటే. రెండు నెలల శ్రమకు కాసంత విలువ లేదు. కొత్త పద్ధతిలో మొదటి రెండు జట్లకు ఒక్కొక్క దానికి ఎనిమిదింట మూడు పాళ్లు, అనగా నూటికి 37½. తక్కిన రెంటికి ఎనిమిదింట ఒకపాలు, అనగా 12½. ఈ లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థి తానే చేసికొనవచ్చును. మొదటి జట్టు రెండు ఆటలు వరుసగా గెలుచుట పావు భాగము. మొదటిది ఓడి తక్కిన రెండు గెలుచుట ఎనిమిదవ భాగము. రెండును కూడినచో ఎనిమిదింట మూడు. మూడవ జట్టు మూడు ఆటలును గెలిచి తీరవలెను. అర, అందులో అర, అందులోను అర. కష్టపడినవానికి మూడురెట్ల మేలు జరిగినది, వెనుకబడినవానికి తలుపు పూర్తిగా మూయలేదు. ఇంతకంటె ఒద్దికైన సంధి నాలుగు ఆటలలో కుదురుట దుర్లభము.

ఫలితములను చూడుడు. 2011 మొదలు 2025 వరకు 15 ఏండ్లలో పట్టికలో మొదటి జట్టు అయిదు సారులు, రెండవ జట్టు తొమ్మిది సారులు కప్పు గెలిచినవి. ఆ మొదటి రెండు స్థానములకు వెలుపలి నుండి వచ్చి గెలిచిన జట్టు ఒక్కటే ఒక్కటి. అదియు హైదరాబాదే!

2016లో సన్‌రైజర్స్ హైదరాబాదు, బెంగుళూరు, కలకత్తా మూడును ఎనిమిదేసి గెలుపులతో 16 పాయింట్ల కడ నిలిచినవి. లీగులో తన కడపటి ఆటను హైదరాబాదు మే 22న కలకత్తాలో ఆడినది. గెలిచి యున్నచో మొదటి రెండు స్థానములలో నొకటి దానిదే. 22 పరుగులతో ఓడి మూడవ స్థానమునకు జారినది. మూడు దినములు గడచినవి. ఢిల్లీలో ఎలిమినేటరు ఆటలో మరల అవే రెండు జట్లు ఎదురైనవి. ఈమారు హైదరాబాదు గెలిచినది. ఎన్ని పరుగులతో? సరిగా 22! రెండింటిలో ఏది మంచి జట్టో ఈ మూడు దినముల లెక్కను బట్టి తేల్చగలవారున్నారా? ఇబ్రహీంపట్నపు ఆటోలోని బాలుని ప్రశ్నకు ఇంతకంటె మంచి ఉదాహరణము వెదకినను దొరకదు.

తరువాత గుజరాతు జట్టు. డేవిడ్ వార్నర్ అవుట్ కాక 93 పరుగులు చేసి జట్టును ఒడ్డున వేసినాడు. మే 29న బెంగుళూరులో, బెంగుళూరు జట్టుతోనే ఫైనలు. హైదరాబాదు 208 చేసినది. గేల్, కోహ్లి తొలి వికెట్టునకు 114 చేర్చినపుడు ఆట చేయి దాటినట్లే తోచినది. కడకు బెంగుళూరు 200 కడ నిలిచిపోయినది. ఎలిమినేటరు నుండి మూడు మెట్లెక్కి కప్పు నందుకొన్న మొట్టమొదటి జట్టు సన్‌రైజర్స్. 2009 నాటి గెలుపు కంటె ఇది బరువైనది. అప్పుడు రెండు ఆటలు చాలినవి. ఇప్పుడు మూడు గెలువవలసి వచ్చినది, ఒక్కదానిలో కాలు జారినను పని ముగిసెడిది.

రెండవ అవకాశము ఒకనికి దయ, మరియొకనికి అన్యాయము కాగలదు. ఇబ్రహీంపట్నము నుండి గంటసేపటి ప్రయాణములో చేరగల ఉప్పల్ మైదానములోనే 2017 మే 21న ఇది ఋజువైనది. ఆ యేడు పట్టికలో ముంబయి మొదటిది, పుణే రెండవది. లీగులో రెండుమారులు, తరువాత మొదటి క్వాలిఫయరులో ఒకమారు, వెరసి మూడుమారులు ముంబయిని పుణే ఓడించినది. రెండవ అవకాశమును పట్టుకొని ముంబయి ఫైనలు చేరినది. ఉప్పల్‌లో ముంబయి 129, పుణే 128. నాలుగు ఆటలలో మూడు గెలిచిన జట్టు రిక్తహస్తములతోను, ఒక్కటి గెలిచిన జట్టు కప్పుతోను ఇల్లు చేరినవి. అయినను పట్టికలో మొదటి స్థానము ముంబయిదే యన్నది మరువరాదు. రెండేండ్ల పిమ్మట అదే మైదానములో జరిగిన ఫైనలులోను ఒక్క పరుగే తేడా. ఈమారు ఓడినది చెన్నై.

2018లో హైదరాబాదు తొలిసారిగా పట్టికలో మొదట నిలిచినది. 18 పాయింట్లు. చెన్నైకిని 18, రన్‌రేటులో వెనుక. మొదటి క్వాలిఫయరులో చెన్నై రెండు వికెట్లతో గెలిచినది. నియమము ఇచ్చిన రెండవ అవకాశమును వినియోగించుకొని, కలకత్తా జట్టును దాని సొంత మైదానములో ఓడించి, హైదరాబాదు ఫైనలునకు వచ్చినది. అక్కడ షేన్ వాట్సన్ అవుట్ కాక 117 పరుగులు చేసినాడు. హైదరాబాదు చేసిన 178 చాలలేదు. 2024లోను ఇదే వరుస. రెండవ స్థానము, మొదటి ఆటలో ఓటమి, రెండవ దానిలో గెలుపు, ఫైనలులో 113కే పతనము. మొదట నిలిచిననాడు దక్కని కప్పు మూడవదిగా నిలిచిననాడు దక్కినది. 2018 జట్టు 2016 జట్టు కంటె తక్కువదని ఎవడు చెప్పగలడు?

ఈ ప్రశ్నకు క్రికెట్టువారి కంటె మన ఫుట్‌బాలువారు మర్యాదయైన జవాబు చెప్పినారు. ఇండియన్ సూపర్ లీగులో 2019-20 నుండి, పట్టికలో మొదట నిలిచిన జట్టునకు వేరుగా ఒక షీల్డు ఇచ్చుట మొదలిడినారు. ప్లేఆఫ్ గెలిచినవారికి కప్పు వేరు. 2021-22 పోటీలో జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో షీల్డు నందుకొన్నది. హైదరాబాదు ఎఫ్.సి. 38 పాయింట్లతో రెండవది. సెమీఫైనలులో జంషెడ్‌పూరును కేరళ జట్టు ఇంటికి పంపినది. ఆ కేరళ పట్టికలో నాలుగవది. మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానములో హైదరాబాదు, కేరళ తలపడి చెరియొక గోలుతో సమముగా నిలిచినవి. పెనాల్టీలలో హైదరాబాదు గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని అడ్డుకొన్నాడు. 3-1తో హైదరాబాదు తొలిసారి కప్పు గెలిచినది. ఆ రాత్రి జంషెడ్‌పూరు క్రీడాకారులు ఓడినవారుగా నిద్రింపలేదు. వారి అలమారలో షీల్డు ఉన్నది. ఐ.పి.ఎల్.లో 2009 నాటి ఢిల్లీ జట్టునకు అట్టి గుర్తు ఏదియు లేదు. ఒక రేకు ఫలకము ఖర్చు ఎంత? దానికి వెనుకాడుట న్యాయము కాదు.

విచిత్రమేమనగా, 2009, 2016, 2022 సంవత్సరములలో హైదరాబాదు గెలిచిన ఈ మూడు ఫైనళ్లలో ఏదియు హైదరాబాదులో జరుగలేదు. జొహానెస్‌బర్గు, బెంగుళూరు, ఫతోర్దా! ఊరివారు అన్నిటిని టెలివిజనులోనే చూచినారు.

అమెరికావారిది మరియొక దారి. వారు బాస్కెట్‌బాలులోను, బేస్‌బాలులోను ఒక్క ఆటతో తేల్చరు. ఏడు ఆటల వరుస పెట్టి, ముందుగా నాలుగు గెలిచినవానిని విజేత యందురు. ఒక జట్టునకు ప్రతి ఆటలోను నూటికి 60 పాళ్లు బలమున్నదనుకొన్నచో, ఒక్క ఆటలో గెలుచు అవకాశము 60. మూడు ఆటల వరుసలో దాదాపు 65. ఏడు ఆటల వరుసలో 71. ఏడుమారులు తూచినను మంచి జట్టు నూటికి 29 మారులు ఓడును! తప్పు పట్టని త్రాసు ఏ దేశములోను లేదు. ఎన్నిమారులు తూచవలెనన్నదే మన చేతిలో నున్నది.

బడిలో దీనికి పోలిక లేకపోలేదు. ఏడాది పొడుగునను తరగతిలో మొదట నిలిచిన బాలిక, సంవత్సరాంత పరీక్షనాడు జ్వరముతో వచ్చి వెనుకబడుట ప్రతి ఉపాధ్యాయుడు ఎరిగినదే. ఆమె ప్రతిభను ఏ పరీక్ష చూపినది? ఏడాది మార్కులకు ఎంత పాలు, కడపటి పరీక్షకు ఎంత పాలు అను వివాదము విద్యాశాఖలోను తెగలేదు, క్రీడాసంఘములలోను తెగలేదు.

అయితే ఇబ్రహీంపట్నపు వ్యాయామోపాధ్యాయుడు ఏమి చేయవలెను? ఆయన చేతిలో ఏడు ఆటల వరుసకు కాలము లేదు, టెలివిజను రాబడి లేదు. ఎనిమిది కబడ్డీ జట్లు వచ్చినవనుకొందము. నాకౌటులో 7 ఆటలు. ఒక్క దినములో ముగియును. నాలుగు జట్లు ఒక్కొక్క ఆటతోనే వెనుదిరుగును. దీనికి బదులుగా నాలుగేసి జట్లను రెండు కూటములు చేసినచో, కూటమికి 6 చొప్పున 12 ఆటలు. కూటమికి రెండేసి జట్లను తీసి పేజ్ పద్ధతిని నడపినచో మరి 4. మొత్తము 16. ఆటకు ముప్పావు గంట చొప్పున 12 గంటలు. కడపటి ఆటలను ఒకేసారి ఆడింపరాదు గనుక, రెండు కోర్టులున్నను మొదటి దినము కూటముల ఆటలకే సరిపోవును. పేజ్ ఆటలకు రెండవ దినము కావలెను. ఎంత బలహీనమైన జట్టయినను మూడు ఆటలు ఆడి పోవును. రెండవ దినమునకు ఆటో కిరాయి, భోజనము, ఇంకొక ఈల అదనము.

ఆ రెండవ దినము అందరికి సాధ్యము కాకపోవచ్చును. పంటల కాలమున బిడ్డను రెండు దినములు పంపుటకు ఇష్టపడని తల్లిదండ్రులుందురు. ఆటో కిరాయిని తన జేబు నుండి ఇచ్చుకొను మాష్టారికి రెండవ కిరాయి భారమే. అట్టిచోట ఉదయము నాకౌటు నడిపి, నాలుగు జట్లు మిగిలిన పిమ్మట ఆ నాలుగింటికి పేజ్ పద్ధతి పెట్టవచ్చును. ఉదయపు ఆటలలో ఎక్కువ తేడాతో గెలిచిన రెండు జట్లను పైన నిలుపవచ్చును. అపుడు 7 ఆటలకు బదులు 8. పొద్దుగ్రుంకుటకు ముందు ఇంకొక ముప్పావు గంట దొరికిన చాలును. ఆ వేళకు మైదానములోని సున్నపు గీతలు సగము చెరిగి యుండును. ఎనిమిదవ ఆటకు వాటిని మరల గీయించుకొనవలసి వచ్చును.